ఈ ప్యాకేజీ ఎవరికి కావాలి? ఒకే ప్రశ్నకు లినక్స్ ఇచ్చే వేర్వేరు జవాబులు

సంక్షిప్తంగా: లినక్స్‌లో ఒక ప్రోగ్రాంనో, ప్రోగ్రాంలు పంచుకునే కోడ్‌నో (లైబ్రరీ) ఇన్‌స్టాల్ చేసుకోవడానికి వీలుగా కట్టిన మూటే ప్యాకేజీ. ఒక ప్యాకేజీకి ఏమేం కావాలో సిస్టమ్‌లో రాసి ఉంటుంది. అది ఎవరెవరికి కావాలో మాత్రం దాదాపు ఎక్కడా రాసి ఉండదు, అడిగినప్పుడల్లా లెక్కగట్టాల్సిందే. ప్యాకేజీ డేటాబేస్‌ను అడిగితే ఒక జవాబు, బైనరీ ఫైలును (కంపైల్ అయి నడవడానికి సిద్ధంగా ఉన్న ప్రోగ్రాంను) అడిగితే మరొకటి, నడుస్తున్న ప్రాసెస్‌ను అడిగితే ఇంకొకటి వస్తాయి. ఏ పని కోసం అడుగుతున్నామో తేల్చుకోకపోతే తప్పు జవాబునే నమ్మే ప్రమాదం ఉంది.

2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టారన్న సంగతి బయటపడింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు డెబియన్ మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని మెషీన్‌లోకి సురక్షితంగా ప్రవేశించే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, కారణం వెతుక్కుంటూ వెళ్లి దాన్ని పట్టుకున్నారు. చెడిపోయినవి 5.6.0, 5.6.1 వెర్షన్లు. వెర్షన్ చూసుకోవడం తేలికే. అసలు చిక్కు ఆ తర్వాతి ప్రశ్నతో వచ్చింది. ఎస్‌ఎస్‌హెచ్‌కీ కంప్రెషన్ లైబ్రరీకీ సంబంధం ఏమిటి? మామూలుగా వాడే కమాండుతో ఆ లైబ్రరీ ఎవరికి కావాలని అడిగితే వచ్చే జాబితాలో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ పేరు లేదు. అయినా దాడి జరిగేది దాని మీదే.

ఒక ప్యాకేజీ మీద ఏవేవి ఆధారపడి ఉన్నాయో తెలుసుకోవడాన్ని రివర్స్ డిపెండెన్సీ అంటారు. వినడానికి ఒక్క కమాండుతో తేలిపోయే పనిలా ఉంటుంది. చాలాసార్లు తేలిపోతుంది కూడా. తేలనప్పుడు ఎందుకు తేలలేదో అర్థం కావాలంటే ముందు ఈ లెక్క ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

రాసి ఉండేది ఒక వైపు లెక్కే

డెబియన్, ఉబుంటు, మింట్, మన సీ-డాక్ తయారుచేసిన బాస్ లినక్స్ వంటివాటిలో ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీల వివరాలన్నీ ‘స్టేటస్’ అనే ఒకే టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి. ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి చదవొచ్చు. ఒక్కో ప్యాకేజీకి ఒక్కో పేరా, అందులో ‘డిపెండ్స్’ అనే వరుస. డెబియన్ 12లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ పేరాలో ‘లిబ్‌సిస్టమ్‌డీ’ (సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి చెందిన లైబ్రరీ) కావాలని ఉంటుంది. లిబ్‌సిస్టమ్‌డీ పేరాలో ఎక్స్‌జెడ్‌కు చెందిన ‘లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ’ లైబ్రరీ కావాలని ఉంటుంది. లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ పేరాకు వెళ్తే తనకేం కావాలో ఉంటుందే తప్ప, తనను ఎవరు వాడుతున్నారో ఒక్క ముక్క ఉండదు.

ఊళ్లో ప్రతి ఇంట్లోనూ తాము ఎవరెవరికి బాకీ ఉన్నామో పుస్తకంలో రాసుకుని, తమకు ఎవరు బాకీ ఉన్నారో మాత్రం ఎవరూ రాసుకోకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఒక మనిషికి రావాల్సిన బాకీలు తేల్చాలంటే ఊరందరి పుస్తకాలూ తిరగేయాలి. రివర్స్ డిపెండెన్సీ కమాండులన్నీ లోపల చేసేది ఈ తిరగేసే పనే.

రెండో వైపు కూడా రాసిపెట్టుకుంటే పోయేదిగా అనిపించొచ్చు. ఆ ప్రయోగమూ జరిగింది. లినక్స్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీలోని పాత ప్యాకేజీ టూల్స్ ప్రతి ప్యాకేజీ ఫోల్డరులో ‘రిక్వైర్డ్ బై’ అనే ఫైలు పెట్టి, తన మీద ఆధారపడినవాటి పేర్లు అందులో రాసేవి. ఒక ప్యాకేజీ ఎక్కించినా తీసినా పదిచోట్ల ఫైళ్లు సవరించాలి. మధ్యలో ఎక్కడ తేడా వచ్చినా రెండు వైపుల లెక్కలు కలవవు. ఆ పొంతన కుదర్చడానికే వేరే టూల్ వాడాల్సి వచ్చేది. తర్వాత ఆ పద్ధతి పోయి ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వచ్చింది. ఆర్చ్ లినక్స్‌లో ప్యాకేజీలు చూసుకునే ప్యాక్‌మ్యాన్ ఒక ప్యాకేజీ వివరాలు చూపించేటప్పుడు ‘రిక్వైర్డ్ బై’ అనే వరుస కూడా చూపిస్తుంది కాబట్టి, అది ఎక్కడో భద్రంగా రాసి ఉందనుకుంటారు. నిజానికి అదీ అప్పటికప్పుడు లెక్కగట్టేదే.

డెబియన్ వంశంలో ఎక్కువమంది పొరబడే చోట్లు

ఉబుంటు వాడేవారు ముందుగా వాడేది ‘ఆప్ట్ ఆర్‌డిపెండ్స్’. ఆప్ట్ అంటే అక్కడ ప్యాకేజీలు ఎక్కించే, తీసే టూల్. ఏ ఆప్షనూ ఇవ్వకుండా వాడితే ఇది మన మెషీన్‌లో ఉన్నవాటిని కాదు, రిపోజిటరీలో (ఇన్‌స్టాల్ చేసుకోవడానికి ఆన్‌లైన్‌లో ఉంచిన గోదాములో) ఉన్న మొత్తం ప్యాకేజీలను వెతుకుతుంది. ఏదైనా సాధారణ లైబ్రరీ పేరు ఇస్తే పేజీలకు పేజీలు పేర్లు దిగుతాయి. ‘--ఇన్‌స్టాల్డ్’ అనే ఆప్షన్ జోడిస్తేనే జాబితా మన మెషీన్‌కు పరిమితమవుతుంది.

అక్కడితో అయిపోదు. ఈ కమాండు దృష్టిలో డిపెండెన్సీ అంటే తప్పనిసరి అవసరం ఒక్కటే కాదు. ఉంటే మంచిది, కావాలంటే వాడుకో అన్న సిఫారసులనూ లెక్కేస్తుంది. అంతకంటే విచిత్రం, ‘దీనితో నాకు పడదు’ అని రాసుకున్న ప్యాకేజీ కూడా అదే జాబితాలో కనిపిస్తుంది. శత్రువులు కూడా బంధువుల వరుసలోనే కూర్చుంటారన్నమాట. ‘--ఇంపార్టెంట్’ ఆప్షన్ ఇస్తే తప్పనిసరి సంబంధాలే మిగులుతాయి. పేరు ముందు నిలువు గీత కనిపిస్తే, ఆ ప్యాకేజీకి ఇది కాకపోయినా మరో ప్రత్యామ్నాయం సరిపోతుందని అర్థం.

పేరు పెట్టి అడగకుండా పని పెట్టి అడిగే ప్యాకేజీలు ఇంకో తలనొప్పి. మెయిల్ పంపే సర్వర్ ఏదో ఒకటి ఉంటే చాలనుకునే ప్యాకేజీ ఎగ్జిమ్ కావాలనో పోస్ట్‌ఫిక్స్ కావాలనో రాయదు. ‘మెయిల్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెంట్’ అనే ఉత్తుత్తి పేరు రాస్తుంది. ఎగ్జిమ్, పోస్ట్‌ఫిక్స్ రెండూ ఆ పని తాము చేస్తామని ప్రకటించుకుంటాయి. కాబట్టి పోస్ట్‌ఫిక్స్‌ను తీసేస్తే ఎవరికి ఇబ్బందో తెలియాలంటే దాని అసలు పేరుతో పాటు ఆ ఉత్తుత్తి పేరుతోనూ అడగాలి.

అన్నిటికంటే తిరకాసైనది ‘ఎసెన్షియల్’ అని గుర్తు వేసిన ప్యాకేజీల సంగతి. బాష్, కోర్‌యుటిల్స్ వంటివి ప్రతి డెబియన్ సిస్టమ్‌లోనూ ఎలాగూ ఉంటాయి కాబట్టి, ప్రత్యేకంగా ఫలానా వెర్షన్ కావాలంటే తప్ప వాటిని డిపెండెన్సీగా రాయనక్కర్లేదని డెబియన్ పాలసీ చెబుతుంది. ఫైళ్లు కాపీ చేసే, జరిపే, చెరిపే కమాండులన్నీ కోర్‌యుటిల్స్‌లోనివే. అయినా అవి ఎవరికి కావాలని అడిగితే వచ్చే జాబితా వాటి అసలు వాడకంతో పోలిస్తే చాలా చిన్నది. జాబితా పొడవును బట్టి ప్యాకేజీ ప్రాముఖ్యం కొలవడం ఎందుకు కుదరదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఫెడోరా, రెడ్‌హ్యాట్ వైపు లెక్క వేరు

ఫెడోరా, రెడ్‌హ్యాట్ వాడే ఆర్‌పీఎం రకం ప్యాకేజీలు ఒకదాన్నొకటి పేరుతో పిలుచుకోవడం తక్కువ. ఒక ప్రోగ్రాం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీని వాడుతుంటే, ఆ ప్యాకేజీ పేరుకు బదులు లోపల ఉండే లైబ్రరీ ఫైలు పేరు, దాని మూడో వెర్షన్, 64 బిట్ అన్న గుర్తు, ఇవే కావాల్సినవిగా నమోదవుతాయి. ప్యాకేజీ తయారయ్యేటప్పుడే టూల్స్ బైనరీని పరిశీలించి ఈ వివరాలు వాటంతట అవే రాసేస్తాయి.

ఈ సంగతి తెలియనివారు ‘ఆర్‌పీఎం -క్యూ --వాట్‌రిక్వైర్స్’ అని కొట్టి పక్కన ప్యాకేజీ పేరు ఇస్తారు. దీన్ని ఏ ప్యాకేజీ కోరుకోవడం లేదని నింపాదిగా జవాబు రావొచ్చు. అది అబద్ధం కాదు. ఆ పేరుతో నిజంగానే ఎవరూ కోరలేదు. ముందు ‘--ప్రొవైడ్స్’ ఆప్షన్‌తో ఆ ప్యాకేజీ ఏమేం అందిస్తోందో చూసి, ఆ ఒక్కొక్కదానితో మళ్లీ అడిగితే అసలు జాబితా బయటికొస్తుంది. ‘డీఎన్‌ఎఫ్ రెపోక్వెరీ’ ఈ తిప్పలు తప్పించి, ప్యాకేజీ పేరిస్తే అది అందించేవాటన్నిటినీ తానే కలుపుకుని వెతుకుతుంది. దానికీ ‘--ఇన్‌స్టాల్డ్’ ఇవ్వడం మరవకూడదు. ఇంకా సూటి దారి ‘ఆర్‌పీఎం -ఈ --టెస్ట్’. నిజంగా తీసేయకుండా, తీసేస్తే ఎవరు అడ్డుపడతారో చూపిస్తుంది. పేరు తేడాల గొడవ దానికి ఉండదు, ఎందుకంటే అది తీసేసే లెక్కే నేరుగా వేస్తుంది.

మిగతావాటి సంగతి చెప్పాలంటే ఆర్చ్‌లో ‘ప్యాక్‌ట్రీ -ఆర్’, ఆల్పైన్‌లో ‘ఏపీకే ఇన్ఫో -ఆర్’, మ్యాక్‌లో హోమ్‌బ్రూ వాడేవారికి ‘బ్రూ యూజెస్ --ఇన్‌స్టాల్డ్’ ఈ పని చేస్తాయి. నిక్స్ దారే వేరు. అది ప్యాకేజీ తయారైన తర్వాత వచ్చిన ఫైళ్లలో మిగతా ప్యాకేజీల హాష్ విలువలు (గుర్తింపు కోడ్‌లు) ఎక్కడైనా ఉన్నాయేమో స్కాన్ చేసి, కనిపించినవాటినే రన్‌టైమ్ డిపెండెన్సీలుగా నమోదు చేస్తుంది. మనిషి రాసింది కాదు, ఫైల్లో దొరికిందే లెక్క. తిరగేసి అడగడానికి ‘నిక్స్-స్టోర్’ కమాండులో ‘--రెఫరర్స్’ అనే ఆప్షన్ ఉంది.

ఎక్స్‌జెడ్ గొలుసు ఎందుకు కనపడలేదు

ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అసలు కోడ్‌కు లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏతో ఏ పనీ లేదు. డెబియన్, ఫెడోరా వంటివి దానికి చిన్న ప్యాచ్ వేశాయి. సర్వీస్ మొదలైందని సిస్టమ్‌డీకి ఒక కబురు పంపడానికి. ఆ ఒక్క కబురు కోసం లిబ్‌సిస్టమ్‌డీ మొత్తం వచ్చి చేరింది. లిబ్‌సిస్టమ్‌డీకి జర్నల్ (సిస్టమ్ చిట్టా) ఫైళ్ల కంప్రెషన్ కోసం లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ కావాలి. ఆ విధంగా ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రాసెస్‌లోకి దానికి అక్కర్లేని కంప్రెషన్ లైబ్రరీ లోడ్ అయింది. ఆర్చ్‌కూ ఆ చెడ్డ వెర్షన్ చేరింది గానీ, అక్కడ ఎస్‌ఎస్‌హెచ్‌ను లిబ్‌సిస్టమ్‌డీతో లింక్ చేయలేదు కాబట్టి ఈ దారి మూసుకుపోయింది.

డెబియన్‌లో లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ ఎవరికి కావాలని ఒక్క మెట్టు వరకే అడిగితే లిబ్‌సిస్టమ్‌డీ వస్తుంది, డీపీకేజీ వస్తుంది, ఎక్స్‌జెడ్ యుటిలిటీలు వస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్ రాదు. పోనీ ‘--రికర్స్’ ఇచ్చి చివరి మెట్టు దాకా అడిగితే? ప్యాకేజీలను ఎక్కించే డీపీకేజీ, బూట్ అయ్యే సిస్టమ్‌డీ రెండూ ఆ గొలుసులోనే ఉన్నాయి కాబట్టి దాదాపు సిస్టమ్ అంతా వచ్చి పడుతుంది. మొదటి జవాబు చాలదు, రెండోది పనికిరాదు. ఇలాంటప్పుడు అనుమానం ఉన్న చోటు నుంచి ముందుకు అడగడమే మేలు. ‘ఆప్టిట్యూడ్ వై’ కమాండుకు ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ పేరు, లైబ్రరీ పేరు రెండూ ఇస్తే వాటి మధ్య గొలుసు ఉందో లేదో చూపిస్తుంది. లేదా ‘ఎల్‌డీడీ’తో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ బైనరీని చూస్తే అది లోడ్ చేసుకునే లైబ్రరీలన్నీ, ఎన్ని మెట్లు లోపలున్నా, బయటపడతాయి. నమ్మకం లేని బైనరీల మీద మాత్రం ఎల్‌డీడీ వాడొద్దని దాని మాన్యువలే హెచ్చరిస్తుంది. కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రాంనే నడిపించవచ్చు.

డీపీకేజీకే ఆ లైబ్రరీ అవసరం కాబట్టి దాన్ని పీకేసే వీలు లేదు. డెబియన్ పాత 5.4.5 కోడ్‌నే తీసుకుని దానికి ‘5.6.1+రియల్లీ5.4.5’ అని వెర్షన్ పేరు పెట్టి పంపింది. పేరు చూస్తే కొత్తది, లోపల పాతది. అప్‌డేట్ కొట్టినవారందరికీ చప్పుడు లేకుండా వెనక్కి వెళ్లిపోయింది.

ఆ ఘటన తర్వాత వచ్చిన మార్పులు ఈ లెక్కను కొంత సులువు చేశాయి, కొంత కష్టం చేశాయి. 2024 జులైలో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8 ఆ కబురు పంపే పనిని లిబ్‌సిస్టమ్‌డీ లేకుండా తానే చేయడం నేర్చుకుంది. గొలుసులో ఒక లంకె తెగింది. మరోవైపు సిస్టమ్‌డీ 256 నుంచి లిబ్‌సిస్టమ్‌డీ ఈ కంప్రెషన్ లైబ్రరీలను ముందే లోడ్ చేసుకోకుండా, అవసరం పడినప్పుడే తెరుస్తోంది. భద్రతకు ఇది మంచిదే. కానీ అలా తెరిచే లైబ్రరీలు ఎల్‌డీడీకి కనిపించవు. ఈ లోటు తీర్చడానికి, తాను తర్వాత తెరవబోయే లైబ్రరీల పేర్లను బైనరీలోనే ఒక నోట్‌గా రాసిపెట్టే పద్ధతిని సిస్టమ్‌డీ బృందం ముందుకు తెచ్చింది. ఆ పద్ధతి పాటించని ప్రోగ్రాంల విషయంలో చూపు అక్కడితో ఆగిపోతుంది.

డేటాబేస్‌కు అందని ప్యాకేజీలు

పైథాన్, నోడ్, జావా వంటి భాషలకు సొంత ప్యాకేజీ మేనేజర్లు ఉన్నాయి. ‘పిప్ షో’ కొడితే కింద ‘రిక్వైర్డ్-బై’ వరుసలో ఆధారపడినవాటి పేర్లు వస్తాయి. అవి ఆ ఒక్క వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌కు (ఒక ప్రాజెక్టుకు విడిగా పెట్టుకున్న పైథాన్ ఏర్పాటుకు) సంబంధించినవే. పక్క ప్రాజెక్టులో ఎవరు వాడుతున్నారో దానికి తెలియదు. అంతకంటే ముఖ్యంగా, ‘పిప్ అన్‌ఇన్‌స్టాల్’ ఈ వరుసను పట్టించుకోదు. వేరేవాళ్లు ఆధారపడి ఉన్నా తీసేస్తుంది. ఏం విరిగిందో తర్వాత ‘పిప్ చెక్’ కొట్టి తెలుసుకోవాలి. ఆప్ట్‌కు అలవాటు పడినవారికి ఈ తేడా కొత్తగా ఉంటుంది. నోడ్‌లో ‘ఎన్‌పీఎం ఎక్స్‌ప్లెయిన్’, రస్ట్‌లో ‘కార్గో ట్రీ --ఇన్వర్ట్’, గో భాషలో ‘గో మాడ్ వై’ ఇలాంటి పనే చేస్తాయి. నోడ్‌లో ఒకే ప్యాకేజీ రెండు మూడు వెర్షన్లలో పక్కపక్కనే ఉండగలదు కాబట్టి ఏ వెర్షన్ ఎవరికి అన్నది కూడా చూసుకోవాలి.

గో, రస్ట్ ప్రోగ్రాంలు తమకు కావాల్సిన లైబ్రరీలను కంపైల్ సమయంలోనే లోపల కలిపేసుకుంటాయి. ఇన్‌స్టాల్ అయ్యాక మిగిలేది సాధారణంగా ఒకే బైనరీ. లోపలి లైబ్రరీ గురించి ఆప్ట్‌ను అడిగినా ఎల్‌డీడీని అడిగినా ఉపయోగం లేదు. గో బైనరీల్లో మాత్రం ఏ మాడ్యూళ్లు కలిశాయో లోపలే రాసి ఉంటుంది. ‘గో వెర్షన్ -ఎం’ దాన్ని చదువుతుంది.

జావాలో ఈ సమస్య ఎంత పెద్దదో 2021 డిసెంబరులో లాగ్4జే (ప్రోగ్రాంల చిట్టా రాసే జావా లైబ్రరీ) లోపం బయటపడినప్పుడు ప్రపంచమంతా చూసింది. లైబ్రరీని జార్ ఫైలు (జావా కోడ్‌ను కట్టిన మూట) లోపల, ఆ జార్‌ను మరో జార్ లోపల పెట్టి పంపడం జావాలో మామూలే. ఆ లోపం ఎన్ని ప్యాకేజీలను తాకిందో గూగుల్ బృందం లెక్కగట్టినప్పుడు జావా ప్యాకేజీలుండే మావెన్ రిపోజిటరీలో మొదట 35,000కు పైగా అని తేలింది. నిజంగా లోపం ఉన్న ‘కోర్’ భాగం వరకే లెక్కిస్తే 17,000కు పైగా అని తర్వాత సవరించారు. ప్రశ్న కొంచెం మారేసరికి జవాబు సగానికి పడిపోయింది. వాటిలో ఎక్కువ భాగం లాగ్4జేను నేరుగా కోరినవి కావు. చాలావాటిలో అది ఐదు మెట్ల లోతున, కొన్నిట్లో తొమ్మిది మెట్ల లోతున ఉంది.

తీసేసేటప్పుడు జరిగేది

ఇంట్లో కంప్యూటర్ వాడేవారు ఈ ప్రశ్న అడిగేది ఎక్కువగా డిస్క్ ఖాళీ చేసుకోవడానికో, ఒక ప్యాకేజీ తీసేస్తే ఇంకేం పోతాయోనన్న టెన్షన్‌తోనో. అప్పుడు జాబితాల కంటే రిహార్సల్ మేలు. ‘ఆప్ట్ -ఎస్ రిమూవ్’ కొడితే ఏదీ తీయకుండానే పోబోయేవాటి పేర్లన్నీ వస్తాయి. ప్రత్యామ్నాయాలు, ఉత్తుత్తి పేర్లు, అన్నీ లెక్కలోకి తీసుకునే చెబుతుంది. ఉబుంటులో పైథాన్3 పేరుతో ఒకసారి ఈ రిహార్సల్ చేసి చూస్తే, డెస్క్‌టాప్ మొత్తం ఆ వరుసలో ఎందుకు ఉందో తెలిసొస్తుంది.

2021 నవంబరులో ఒక పేరున్న యూట్యూబ్ చానల్ వీడియోలో ఇది ప్రత్యక్షంగా కనిపించింది. ఉబుంటు ఆధారంగా తయారైన పాప్ ఓఎస్‌లో గేమ్‌ల కోసం స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోతే, ప్యాకేజీ వెర్షన్లు కుదరక ఆప్ట్ డెస్క్‌టాప్‌నే తీసేస్తానంది. హెచ్చరిక వచ్చింది, ‘అవును, చెప్పింది చెయ్’ అన్న అర్థం వచ్చే వాక్యం టైప్ చేయమంది, టైప్ చేశారు, డెస్క్‌టాప్ పోయింది. ఆ తర్వాత ఆప్ట్ ఈ దారిని ఇంకా బిగించింది. హెచ్చరిక చదవని తప్పు వాడినవారిదేనని కొందరన్నారు. కానీ పది వరుసల పేర్లలో ఏది ప్రాణాధారమో ఏది కాదో కొత్తవారికి తెలిసే అవకాశం తక్కువ.

‘ఆటోరిమూవ్’ కూడా రివర్స్ లెక్క మీదే నడుస్తుంది. మనం అడిగి ఎక్కించినవి ఏవి, వేరేదాని కోసం వాటంతట వచ్చినవి ఏవి అని ఆప్ట్ గుర్తు పెట్టుకుంటుంది. రెండో రకంలో ఇక ఎవరికీ అక్కర్లేనివాటిని తీసేస్తానంటుంది. సొంతంగా కంపైల్ చేసుకున్న ప్రోగ్రామో, ఇంట్లో రాసుకున్న స్క్రిప్టో ఒక లైబ్రరీని వాడుతుంటే ఆ సంగతి ఆప్ట్‌కు తెలియదు. అలాంటివాటిని ‘ఆప్ట్-మార్క్ మాన్యువల్’తో గుర్తు పెట్టుకుంటే జోలికి రాదు.

అప్‌డేట్ అయినా పాతదే నడుస్తుంటే

సర్వర్లు చూసుకునేవారికి ఇంకో కోణం ఉంది. లైబ్రరీని అప్‌డేట్ చేసినా, అంతకుముందే మొదలైన ప్రాసెస్‌లు మెమరీలో ఉన్న పాత కాపీనే వాడుతుంటాయి. డిస్క్‌లో కొత్తది, నడిచేది పాతది. ప్యాకేజీ డేటాబేస్ ప్రకారం అంతా సవ్యమే. ఉబుంటు 22.04 సర్వర్‌లో అప్‌డేట్ చివర ఏయే సర్వీసులు రీస్టార్ట్ చేయాలో అడుగుతూ ఒక తెర వస్తుంది. ఆ ‘నీడ్‌రీస్టార్ట్’ చేసేది ఇదే లెక్క. అది ప్యాకేజీలను కాదు, నడుస్తున్న ప్రాసెస్‌లను ఒక్కొక్కటిగా చూసి, ఏది పాత ఫైలును పట్టుకుని కూర్చుందో కనిపెడుతుంది. విసుగనిపించి దాన్ని మూసేసేవారు చాలామంది. భద్రతా లోపానికి ప్యాచ్ వేసిన రోజున మాత్రం అసలు చూడాల్సిన జాబితా అదే.

సంస్థల స్థాయిలో వందల మెషీన్ల మీద ఇదే ప్రశ్న అడగాల్సి వచ్చినప్పుడు ఒక్కో మెషీన్‌లో కమాండులు కొట్టడం కుదరదు. ప్రతి సాఫ్ట్‌వేర్‌తో పాటు అందులో ఏమేం కలిశాయో చెప్పే జాబితా, అంటే ఎస్‌బామ్, ఇవ్వాలన్న ఒత్తిడి అందుకే పెరిగింది. అమెరికాలో 2021 మే నెలలో వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు దీనికి ఊపు తెచ్చింది. మన దేశంలో సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో ఎస్‌బామ్‌పై సాంకేతిక మార్గదర్శకాలు విడుదల చేసింది. ఇది కూడా ముందు వైపు లెక్కే. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏముందో చెబుతుంది. ఫలానా లైబ్రరీ ఎక్కడెక్కడ ఉందో తెలియాలంటే ఆ జాబితాలన్నిటినీ ఒకచోట చేర్చి, తిరగేసి వెతికే ఏర్పాటు సంస్థే చేసుకోవాలి. సరఫరా చేసినవారు జార్ లోపలి జార్‌ను జాబితాలో రాయకపోతే ఆ వెతుకులాటలోనూ అది దొరకదు.